చెరువు గట్టున నాలుగిళ్లు

సర్పంచిగా తానే గెలుస్తానని వీరదుర్గకి ఏ అనుమానమూ లేదు. ప్రచారం చివరి రోజు చీకటి పడ్డాక, తోడు వచ్చిన ఆడవాళ్లని పక్క వీధికి పంపి, రొయ్యల చెరువు గట్టున మిగిలిన నాలుగిళ్లకీ బొట్టు పెట్టి ఓటు అడగడానికి ఒంటరిగా బయల్దేరింది.

మొదటి ఇంటి సూర్యకుమారి నుదుట అప్పటికే తడి కుంకుమ ఉంది.

"మళ్లీనా అండీ? ఇందాకే పెట్టేరు కదా!"

"ఎవరు పెట్టింది?"

"మీరేనండీ, బాగుంది వరస! మీకు ఓటెయ్యొద్దని కూడా చెప్పేరు. గెలిచినా కుర్చీలో కూర్చోడానికి మీరుండరంట."

వీరదుర్గ నవ్వేసింది. అవతలి వర్గం వాళ్లు తనలా చీర కట్టించి ఎవరినో పంపి ఉంటారు. తర్వాతి రెండిళ్లలోనూ అదే మాట విన్నాక, ఆ మనిషి కంటే ముందు చేరాలని అడ్డదారిన పరుగెత్తింది. కరెంటు పోయి చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి. తన అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఆఖరి ఇంటి మంగాయమ్మ నుదురు ఖాళీగా ఉంది. వీరదుర్గ ధీమాగా బొట్టు పెట్టింది.

"ఓటు నాకేనండీ మామ్మగారూ."

"ఆయ్, నీకే." ముసలామె ఆనవాయితీగా తన భరిణెలో వేలు ముంచి ఆమెకి తిరిగి బొట్టు పెట్టింది. తర్వాత వీరదుర్గ భుజం మీదుగా చూస్తూ మళ్లీ వేలు ముంచింది.

"నువ్వూ రా తల్లీ, అక్కడే నిలబడిపోయేవేం? అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకటే పోలిక!"

వీరదుర్గకి అక్కచెల్లెళ్లు లేరు. వెనక మెట్టు మీద ఎవరో చెప్పులు విడిచిన చప్పుడయింది.