గుమ్మం ముందు తడి

పెద్దవాగు పొంగి కింది వంతెనను ఎత్తుకుపోయిన మరుసటి ఏడాది వేసవి అది.

వంతెన పోయాక జిప్సం క్వారీ లారీలన్నీ కొండమీది వీధిలోకి మళ్ళాయి. అది మట్టి వీధి. వానలున్నన్నాళ్ళు బురద. ఎడారి వైపునుంచి షెహిలీ గాలి మొదలయ్యేసరికి ఎదురింటి మనిషి కూడా కనబడనంత తెల్లదుమ్ము.

ఆ వీధి మలుపులో నీలం తలుపు ఇల్లు బెల్ఖైర్‌ది. గాడిదలకు జీనులు కుట్టుకుని బతికేవాడు. ఒక్కతే కూతురు నవ్వారా. ఆరేళ్ళది. దుమ్ము రేగితే చాలు, పిల్లకు డొక్కలెగిరేవి. పెదాలు నల్లబడేవి.

"ఈ వేసవి గట్టెక్కితే చాలు," అనేది తల్లి అల్జియా.

ఒకనాడు పొద్దున్నే తలుపు తీసి అల్జియా కెవ్వుమంది.

"ఏమయ్యా! ఇటు రా! గుమ్మం ముందంతా తడి!"

బెల్ఖైర్ చూశాడు. తన ఇంటి పొడుగునా వీధి తడిసి ఉంది. పక్కిళ్ళ ముందు చుక్క లేదు.

ఎదురింటి ముబారకా పిన్ని మిద్దెమీదనుంచి తొంగిచూసింది.

"తొక్కకండర్రా! ఎవరో చేతబడి నీళ్ళు పోశారు. నీ కూతురికే చేశారు బెల్ఖైర్."

"నాకెవరున్నారు పిన్నీ శత్రువులు?"

"జీను వదులుగా కుట్టి ఎవణ్ణైనా గాడిదమీదనుంచి పడేశావేమో, గుర్తు తెచ్చుకో."

తడిమీద ఉప్పు చల్లారు. మసీదులో చదువు చెప్పే ముసలి తాలిబ్ చేత తాయెత్తు రాయించి పిల్ల మెడలో కట్టారు.

మర్నాడూ తడే. ఆ మర్నాడూ తడే.

చిత్రమేమిటంటే పిల్ల తేరుకుంటోంది. రొట్టె అడిగి మరీ తింటోంది.

"చేతబడి చేస్తే పిల్ల కోలుకోవడమేమిటయ్యా?" అంది అల్జియా.

"తాయెత్తు పనిచేస్తోంది."

"తాయెత్తు పనిచేస్తుంటే నీళ్ళెందుకు ఆగలేదు మరి?"

బెల్ఖైర్ బుర్ర గోక్కుని జీను ముందేసుకున్నాడు.

లారీలు మాత్రం మామూలే. అన్నిటికన్నా ముందు ఒక ఎర్రలారీ వచ్చేది. మలుపు దగ్గర నత్తలా పాకేది. అద్దం నిండా దుమ్ము. వెనక గుడ్డ చుట్టుకున్న మొహం.

"మన నోట్లో దుమ్ము కొట్టింది చాలక ఇళ్ళలోకి తొంగిచూస్తున్నాడు వెధవ!" అని వీధంతా తిట్టేది. వాడు దిగితే కొడదామని బెల్ఖైర్ పక్కన రాయి పెట్టుకునే కుట్టుపని చేసేవాడు.

చివరికి ఒక వేకువన నలుగురూ కాపు కాసి, నీళ్ళు పోసేవాణ్ణి పట్టుకున్నారు.

పొడుగాటి మనిషి. చేతిలో రేకు డబ్బా. ఊరివాడు కాదు.

"ఎవడ్రా నువ్వు? ఎవరు పంపారు?"

అతను బెల్ఖైర్ పక్కనున్న రాయి వైపు చూశాడు. తానెవరో చెప్పలేదు.

"ఎవరూ పంపలేదన్నా."

"నీళ్ళెక్కడివి?"

"కింద ఊటలోవి."

"ఇంత కొండా ఎక్కి మోసుకొచ్చావా? ఎవరికోసం?"

అతను నీలం తలుపు వైపు చూశాడు.

"పాపకోసం."

"విన్నారా! నోటితోనే ఒప్పుకున్నాడు!" అంది ముబారకా పిన్ని.

బెల్ఖైర్ కర్ర ఎత్తాడు. అడ్డం పెట్టిన చెయ్యి పుటుక్కుమంది. అతను కేకెయ్యలేదు.

"ఎండెక్కేలోపు ఇంకో డబ్బా పొయ్యాలన్నా," అన్నాడు.

ఇతనికి మతి ఉందో లేదో ఎవరికీ అంతుపట్టలేదు. డబ్బాను వాగులోకి విసిరి, అతన్ని వీధి దాటించారు.

ఆ రోజు ఎర్రలారీ రాలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు గుమ్మం ముందు పొడిగా ఉంది.

"పీడ విరగడైంది," అంది పిన్ని.

పొద్దెక్కగానే ఎర్రలారీ వచ్చింది. మలుపు దగ్గర ఆగలేదు, దూసుకుపోయింది. ఇల్లంతా తెల్లబడింది. నవ్వారా నోరు తెరుచుకుని కూలబడింది. తడిగుడ్డ మూతికి కప్పి తల్లి ఒళ్ళో వేసుకుంది. పిల్ల ఇక దక్కదనే అనుకున్నారు. సాయంత్రానికి గానీ ఊపిరి కుదుటపడలేదు. తాయెత్తు మెడలోనే ఉంది.

తిరిగొచ్చే లారీకి బెల్ఖైర్ రాయి పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"కళ్ళు లేవురా నీకు? రోజూ మెల్లగా పోయేవాడివి, ఈవేళ ఏం పుట్టింది?"

డ్రైవరు తల బయటపెట్టాడు.

"రోజూ వచ్చేది నేను కాదు మామా. ఆయన పని పోయింది. నీలం తలుపు దగ్గర మెల్లగా పొమ్మన్నాడు, నేనే మర్చిపోయాను."

"పని పోవడమేం?"

"చెయ్యి విరిగింది. స్టీరింగు పట్టుకోలేడు."

బెల్ఖైర్ లారీ ముందునుంచి పక్కకు జరిగాడు.

"లోడుకు వచ్చేముందు దుమ్ము లేవకుండా ఇక్కడ నీళ్ళు చల్లేవాడట. ఎవరో కొట్టారట. నన్నూ చల్లమన్నాడు. ఆ ఊటనుంచి డబ్బాలు మొయ్యడానికి నాకేమైనా పిచ్చా?"

"ఆయనది ఏ ఊరు?"

"ఎవరికి తెలుసు? ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు."

రాయి చేతిలోంచి జారి కాలిమీద పడింది. బెల్ఖైర్ కుంటుకుంటూ వాగులోకి దిగాడు.

మర్నాడు వేకువన ముబారకా పిన్ని మిద్దెమీదనుంచి కేకేసింది.

"ఎవడ్రా అది బెల్ఖైర్ గుమ్మం ముందు? ఎవరికోసంరా ఆ నీళ్ళు?"

సొట్టపోయిన రేకు డబ్బా వంచుతూ, తల ఎత్తకుండానే, "పాపకోసం," అన్నాడు బెల్ఖైర్.