గోడను నమ్మిన చెదలు

వాగు పక్క ఇసుక మేట మీద చెదలు కొత్త పుట్ట కట్టాయి. వాటికో ఆచారం ఉంది. గోడ లేచినప్పుడల్లా కాపలా చెద దాన్ని తలతో కొట్టి చూడాలి. ఠంగున మోగితేనే పై వరస వేస్తాయి. అలా వేస్తూ వేస్తూ పుట్టను తాటిమొద్దంత ఎత్తు లేపాయి.

పొరుగున ఉండే ఎండ్రకాయ తలెత్తి చూసి నోరెళ్లబెట్టింది.

"ఎంత బాగా కట్టించావు రాణమ్మా! కానీ ఇక్కడ జానెడు తవ్వితే నాకు నీళ్లు తగులుతాయి. ఇసుక నిలవదు. ఆ గట్టు మీద గట్టినేల ఉంది, అక్కడ కట్టుకోరాదూ?"

"ముందు మా గోడ కొట్టి చూడు మామా," అని నవ్వింది చెదల రాణి.

ఎండ్రకాయ కొట్టింది. గోడ రాయిలా మోగింది. అది తల ఊపి తన బొరియలోకి దిగిపోయింది.

ఒక పొద్దున భూమి కంపించింది. ఇసుక గంజిలా తెర్లింది. నేలలోంచి నీళ్లు చిమ్మాయి. పనిచెదలు రాణిని మోసుకుని బయటపడితే, ఎండ్రకాయ ఆమెను వీపున వేసుకుని గట్టెక్కించింది.

అక్కణ్ణుంచి అందరూ చూశారు. అంత పుట్టా ఎక్కడా బీటైనా వారకుండా, నిలువునా, మెల్లగా నేలలోకి దిగిపోతోంది. చివరికి కొన కూడా మునిగింది. పైన ఇసుక చదునుగా సర్దుకుంది.

"ఒక్క గోడా విరగలేదు మామా," అంది రాణి.

"విరగలేదమ్మా."

పనిచెదలు గట్టు మీద తొలి మట్టిముద్ద పెట్టబోయాయి. రాణి ఆపి కాపలా చెదను పిలిచింది.

"ముందు నేలను కొట్టి చూడు."

గోడలు తప్ప ఎరగని ఆ తల, మొదటిసారి నేల దాకా వంగింది.