అందింది

అగ్నిపర్వతం మీద భూకంపాల సెన్సర్ పాతిన ప్రతిసారీ షాలెం దాని పక్కన మూడుసార్లు కాలితో గట్టిగా తొక్కుతాడు. వెల్లింగ్టన్ ఆఫీసులో షీనా తెర మీద గీత మూడుసార్లు అదరడం చూసి, వైర్‌లెస్‌లో "అందింది" అంటుంది. అతను ఇంకొక్కసారి తొక్కుతాడు. బయల్దేరుతున్నానని అర్థం.

ఈ రాత్రి డ్యూటీలో షీనా ఒక్కతే ఉంది. గీత మూడుసార్లు అదిరింది.

వెంటనే ఫోన్ చేసింది. "అన్నా, కొండ మీద ఉన్నావా?"

"పేలొచ్చని అలర్ట్ పెంచాక అక్కడెవరుంటారమ్మా? నేను హామిల్టన్‌లో, ఇంట్లోనే ఉన్నా."

మళ్లీ మూడు. అచ్చం షాలెం తొక్కినట్టే ఉంది. షీనాకు భయం కన్నా కుతూహలమే ఎక్కువైంది. గీతను పెద్దది చేసి చూసింది. పైనుంచి తొక్కితే నేల అణుగుతుంది, గీత ముందు కిందికి దిగుతుంది. ఇది ముందు పైకి లేచింది.

"అన్నా, ఎవరో నేల కిందినుంచి తంతున్నట్టుంది. భలే ఉంది చూడు!"

షాలెం గొంతు తగ్గించి అన్నాడు. "జవాబు మాత్రం ఇవ్వకు తల్లీ."

అప్పటికే ఆమె వైర్‌లెస్ మీట నొక్కి, అలవాటుగా "అందింది" అనేసింది.

గీత చాలాసేపు తిన్నగా సాగింది. తర్వాత ఒకే ఒక్కసారి పైకి లేచింది.