హలీంలో ఉప్పు

మెనూ కార్డు పట్టుకుని హుసేనప్ప ఆపసోపాలు పడుతున్నాడు. పద్దెనిమిది పేజీలు. లాహోరీ, చైనీస్, అరబ్బీ, ఇటాలియన్, ఆఖరి పేజీలో దోసె కూడా ఉంది.

“ఇన్ని దేశాల కూడు ఒక్క పొయ్యి మీద యెట్ల చేస్తారప్పా,” అని నోరు తెరిచాడు.

బద్వేలు నుంచి కువైట్ వచ్చి ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నా, ఫర్వానియాలోని ఈ హోటల్ గడప ఆయన ఏనాడూ తొక్కలేదు. యజమాని పాకిస్తానీ. అక్కడ తిన్నాడని ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారోనని భయం. తీరా లోపలికి వస్తే, కౌంటర్‌లోని బషీర్ సాహెబ్ సొంత బావమరిదిని చూసినట్టు లేచి సలాం చెప్పాడు. హుసేనప్ప బద్వేలు ఉర్దూలో బదులిచ్చాడు. ఆ ఉర్దూ విని సాహెబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వినందుకు పరిహారంగా మూడు గ్లాసుల లస్సీ పంపించాడు. దాంతో హుసేనప్ప బెట్టు సగం సడలింది.

ఆయన మేనకోడలు సాజియాకు మాత్రం తిండి మీద ధ్యాస లేదు. కళ్లన్నీ వంటగది తలుపు మీదే ఉన్నాయి. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చేసింది. పెళ్లిమాటకు వస్తూ ఆ యూనిఫామేందని మామ దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. పక్కన ఆమె తల్లి జానమ్మ. విజిట్ వీసా మీద వచ్చి నెల కూడా కాలేదు. నేను రానంటే రానని పొద్దున్నుంచి మొండికేసినా, సాజియానే చీర ఇస్త్రీ చేసి మరీ లాక్కొచ్చింది. ఆమె తల వంచుకుని గ్లాసు అంచు తుడుస్తూ కూర్చుంది.

సంబంధం ఖాయం చేసుకునే ముందు చెప్పాపెట్టకుండా వెళ్లి, ఎవరో పరాయివాళ్లలా మనిషిని చూసి రావడం కడప వైపు పాత పద్ధతే. ఊళ్లో అయితే అంగడికో చేనుకో పోతారు. కువైట్‌లో హోటల్‌కు వచ్చారు, అంతే తేడా.

పేరు జావేద్. ఎర్రగుంట్ల మనిషి. సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చెయ్యి తిరిగి, ఇప్పుడు ఇక్కడ పెద్ద వంటవాడయ్యాడు. బీడీ కూడా తాగడు. ముందూ వెనకా ఎవరూ లేరు. మధ్యవర్తి ఇవన్నీ చెప్పాడు గానీ, కోపం సంగతి చెప్పలేదు. సాజియాకు కావలసింది అదొక్కటే.

సాజియా వాళ్ల నాన్న పోయి పన్నెండేళ్లయింది. కూరలో ఒక రవ్వ ఉప్పెక్కువైతే కంచం ఎత్తి గోడకు కొట్టేవాడు. ఆ గోడ కడిగిన చేతులు అమ్మవీ, తనవీ. అలాంటి మనిషి మళ్లీ తమ ఇంటి గడప తొక్కకూడదు. ఇందులో పొరపాటు జరిగితే బతుకంతా ఏడుపే.

హలీం వచ్చింది. సాజియా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కమ్మగా ఉంది. వెంటనే ముఖం చిట్లించి, వండినాయన్ని పిలవమంది.

తెల్లటోపీ చెవుల దాకా దించుకుని, చేతులు తుడుచుకుంటూ జావేద్ వచ్చాడు. ఫోటోలో కన్నా కాస్త లావు. సాజియా గొంతు పెంచింది. ఇది హలీమా, ఉప్పు కషాయమా అని అడిగింది. వంట చేతకానప్పుడు వేరే పని చూసుకోవాలంది. చుట్టూ తలలు తిరిగాయి. హుసేనప్ప మెనూ కార్డు వెనక దాక్కున్నాడు. జానమ్మ బల్ల కింద కూతురి తొడ గిల్లింది.

జావేద్ వేరే చెంచాతో రుచి చూశాడు. ఉప్పు సరిగ్గానే ఉందని అతనికి తెలిసిపోయింది. అది అతని ముఖంలో కనబడింది కూడా. ఇప్పుడొస్తుంది అసలు రంగు బయటికి, అనుకుని సాజియా బిగుసుకుని కూర్చుంది.

“మీ నోటికి ఎక్కువంటే ఎక్కువేలేమ్మా. వేరేది తెస్తా,” అన్నాడు అతను తెలుగులోనే. తర్వాత హుసేనప్ప వైపు తిరిగాడు. “మీది యాడప్పా?”

“నెల్లూరు,” అన్నాడు హుసేనప్ప తడబడి.

జావేద్ నమ్మినట్టు తలూపాడు. వెళ్లబోతూ జానమ్మ ముందున్న కంచం చూశాడు. ఏదీ ముట్టలేదు. లోపలికి పోయాడు.

కాసేపటికి కొత్త హలీం వచ్చింది. దాంతోపాటు ఇంకో కంచం కూడా తనే తెచ్చి జానమ్మ ముందు పెట్టాడు. పొగలు కక్కే సంగటిముద్ద, పక్కన చెనిక్కాయల చట్నీ.

“ఇది కార్డులో లేదు. నాకోసం చేసుకున్నా. నెల్లూరోళ్లకు నచ్చుతుందో లేదో,” అని నవ్వి వెళ్లిపోయాడు.

పొద్దున్నుంచి టీ చుక్క తప్ప ఏమీ ముట్టని జానమ్మ, తల ఎత్తకుండానే ఒక ముద్ద తుంచుకుంది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే కంచం ఖాళీ అయింది. మంచి మనిషి మీద నలుగురిలో అరిచినందుకు సాజియాకు సిగ్గేసింది. అంతకు మించి సంతోషం వేసింది.

హుసేనప్ప అప్పుడు కార్డు దించాడు.

“అన్ని మాటలన్నా నవ్వుతానే ఉండాడు. ఇంతకన్నా ఏం కావల్ల? నీ మాట చెప్పు పాపా, ఖాయం చేద్దామా?”

“ఆయన్ను నాన్నా అని పిల్చేదానికి నాకేం ఇబ్బంది లేదు మామా,” అని సాజియా తల్లి వైపు తిరిగి, “చేసుకోవాల్సింది నువ్వు, ఒక్కసారి తలెత్తి చూడు మా,” అంది.