వెనక గేటు దగ్గర కారు

"ఆగమ్మా, ఆ డబ్బులు వెయ్యమాక."

పార్కింగ్ మెషిన్‌లో నాణేలు వెయ్యబోతున్న అపర్ణ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

కరోనా మొదటి లాక్‌డౌన్ సడలించిన వారం అది. భర్త శ్రీధర్‌తో, ఏడేళ్ల కూతురు లాస్యతో స్వోర్డ్స్ అనే ఊరి దగ్గరి పార్కుకి వచ్చింది.

అయిదారు గజాల దూరంలో అరవై దాటిన తెలుగాయన నిలబడి ఉన్నాడు. మాస్కు, ముదురు నీలం స్వెట్టరు.

"వెనక గేటు బయట రోడ్డు పక్కన పెట్టుకోండి. ఒక్క సెంటు కట్టే పన్లేదు."

పేరు శౌరి అన్నాడు. గుంటూరు వైపట. అడక్కుండానే ఇంకా చెప్పాడు.

"బుధవారం పొద్దున పూలతోటకి టికెట్ ఉండదు. కప్పూ టీ బ్యాగూ మీవే తెచ్చుకుంటే కాఫీ బండామె వేణ్ణీళ్లు ఊరకే పోసిద్ది. టాయిలెట్లు ఏడున్నరకి తీస్తారు. అప్పుడైతే శుభ్రంగా ఉంటాయి."

కారెక్కాక శ్రీధర్ నవ్వాడు.

"ఏడున్నరకి పార్కుకి ఎవరొస్తారు? పిసినారితనంలో పీహెచ్‌డీ చేసినట్టున్నాడు."

అయినా కారు వెనక గేటుకే తిప్పాడు. జీతంలో కోత పడిన నెలలవి.

ఆ వేసవంతా ప్రతి ఆదివారం వెళ్లారు. ప్రతి ఆదివారం ఆయన అక్కడే ఉన్నాడు, పాత వెండిరంగు కారుకి ఆనుకుని. లాస్య చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు. దగ్గరికి పరిగెత్తితే మాత్రం గబగబా వెనక్కి నడిచేవాడు.

"ఆడనే ఉండు తల్లీ. ఆడనే."

"మీ ఇల్లెక్కడ అంకుల్?" అని ఒకరోజు అపర్ణ అడిగింది.

"దగ్గరేనమ్మా. అదుగో, నీళ్లల్లో కొంగ దిగింది. పాపకి చూపించు."

ఆమె కొంగను చూసి తిరిగేసరికి ఆయన కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. వెనక సీట్లో దిండు, మడత పెట్టిన దుప్పటి, స్టీలు కంచం కనిపించాయి.

"ఇల్లు లేనట్టుందండీ ఆయనకి."

"మనకెందుకు? దగ్గరైతే ఏదో ఒకటి అడుగుతాడు," అన్నాడు శ్రీధర్.

అక్టోబరు చివరి ఆదివారం శౌరి అడిగాడు.

సాయంత్రం చలి ముదురుతోంది. వాళ్లు బయల్దేరబోతుంటే ఫోన్ పట్టుకుని వచ్చి, కారుకి దూరంగానే ఆగాడు.

"బండి బ్యాటరీ పోయింది బాబూ. ఒక్క పది నిమిషాలు ఫోన్ చార్జింగ్ పెడతారా? ఫోన్ చేసుకోవాల."

ఆ చలిలో ఆయన నుదుటి మీద చెమట. అపర్ణ చూసింది.

శ్రీధర్ అద్దం సగమే దించాడు.

"సారీ అంకుల్. కరోనా టైము. పాప ఉంది."

"నిజమే బాబూ. గ్రాండ్, గ్రాండ్, ఏం పర్లేదు. పొయ్యిరండి."

"డాడీ, హీ లుక్స్ ఫ్రోజెన్," అంది లాస్య.

అద్దం పైకి వెళ్లింది.

మరుసటి ఆదివారం కారుంది, ఆయన లేడు. ఎవరో తెలుగు కుర్రాడు వెనక సీట్లోంచి సామాను తీస్తున్నాడు. పేరు జీవన్ కుమార్, ఎయిర్‌పోర్టులో పని.

"శౌరి అంకుల్ మీకు తెలుసాండీ? సోమవారం పొద్దున పార్కువాళ్లు చూశారు. రాత్రే గుండె ఆగిపోయిందంట. చేతిలో ఫోన్ ఉంది, చార్జి లేదు."

శ్రీధర్ తడి ఆకుల వైపు తల తిప్పుకున్నాడు. లాస్య అలవాటుగా ఆ కారు అద్దానికి చెయ్యి ఊపుతోంది.

"పాపం, ఇల్లు లేక..." అంది అపర్ణ.

జీవన్ వింతగా చూశాడు.

"ఇల్లు లేకపోవడమేంటండీ? మా ఇంట్లోనే ఆయన గది. మార్చి నుంచి అద్దె కడుతూనే తాళం వేసి ఉంచాడు."

"మరి కార్లో ఎందుకున్నారు?"

"ఆ ఇంట్లో మేం ఏడుగురం. ఎయిర్‌పోర్టనీ, గోడౌన్లనీ తిరిగేవాళ్లం. ఆయన ముసలాళ్లుండే నర్సింగ్ హోంలో కేరర్. మా దగ్గర కరోనా అంటుకుంటే అక్కడికి మోసుకెళ్తానని భయం."

జీవన్ ఆ దుప్పటిని గుండెకి ఆనించుకున్నాడు.

"ఆయన స్నానాలు చేయించి, తినిపించే ముసలాళ్లు నలభై ఒక్కమంది ఉండేవాళ్లండీ, ఇవాళ్టికీ నలభై ఒక్కమందే ఉన్నారు."