కూలగొట్టే ముందు

అక్షరాలు ముసలితనంలో నేర్చాను. తప్పులుంటే, రాయడం ఆలస్యమైతే మన్నించండి.

అది 1978. ఒమన్ దేశంలోని సోహార్‌లో, పనిలో పెట్టుకున్న అర్బాబు తాతల నాటి మట్టి ఇల్లు కూలగొట్టడానికి లచ్చన్న, అతని చిన్నాయన కొడుకు మల్లేశం గడ్డపారలు పట్టుకొని నిలబడ్డారు. లోపల అర్బాబు అక్క ఒక్కో గదీ ఊడుస్తోంది.

"కూలగొట్టే ఇల్లు ఊడుస్తదేందన్నా, పిచ్చిదా?" మల్లేశం నవ్వాడు.

లచ్చన్న ఆ చీపురు దిక్కే చూస్తూ గడ్డపార కిందికి దించాడు.

"తమ్మీ, ఊర్ల మన తాతల పెద్దిల్లు కూలగొట్టి స్లాబు వెయ్యుమని ఇంటికి ఉత్తరం రాయించిన. నువ్వు గూడ ఒప్పుకున్నవని రాయించిన."

"నన్ను అడిగినవా?"

"వద్దంటవని అడుగలే."

"ఎన్నడు రాయించినవ్?"

"రెండు నెలలాయె."

"అయితే మనిల్లు ఈపాటికి లేదు."

అర్బాబు అక్క చీపురు చంకన పెట్టుకొని బయటికి వచ్చింది. ఇక కానివ్వండి అన్నట్టు తలూపింది.

మల్లేశం పక్కకు జరిగాడు.

"మొదటి దెబ్బ నువ్వే కొట్టన్నా. మనింటి మీద కొట్టినోనివి, నీకేం భయం?"

— ముత్తవ్వ, అరవై ఏడేళ్లు, మెట్‌పల్లి