బీమ్ కింద కుర్చీ

"ఏవండీ, ఆ ముసలాయన్ని అక్కణ్ణుంచి పంపించెయ్యండి. బస్సు కోసం నీడలో నిలబడితే మా మీద కర్ర ఎత్తుతున్నాడు" అంది క్రిస్టీనా.

ఆమె సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో నర్సు. ఆమె పనిచేసే ఆస్పత్రికి కొత్త పోర్టికో డిజైన్ చేసింది ఆమె భర్త యిర్మీయానే. కట్టడాల కంపెనీలో ఇంజనీరుగా చేరాక అతని మొదటి పని అది.

పోర్టికో కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆనించే ఇనుప జాకీల మీదే ఇంకా ఉంది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందర్నీ "హటో, హటో" అని ఎండలోకి తరుముతున్నాడట ఆ ముసలాయన.

యిర్మీయా ఫోర్‌మన్ స్వామికి ఫోన్ చేశాడు.

"ఎవడో పిచ్చోడు నర్సుల్ని బెదిరిస్తున్నాడంట. వెంటనే పంపించెయ్."

"ఆయన ఎవ్వల్నేమనడు సార్..." నసిగాడు స్వామి.

"చెప్పింది చెయ్యవయ్యా!"

మర్నాడు ఆఫీసులో వేరే పనికోసం ఆ పోర్టికో ఫైలు తెరిచాడు యిర్మీయా.

సాఫ్ట్‌వేర్ లెక్క దగ్గర ఆగిపోయాడు.

బీమ్ చివర స్తంభం ఉంది.

అంబులెన్స్ తిరగడానికి అడ్డమని ఆస్పత్రివాళ్లు ఆ స్తంభం వద్దన్నారు. డ్రాయింగులో చెరిపాడు. సాఫ్ట్‌వేర్‌లో తీసెయ్యడం మరిచాడు.

రెండు కొసలా ఆనిన బీమ్ అనుకుని సాఫ్ట్‌వేర్ ఇనుమంతా అడుగున వేసింది. ఒక కొస గాల్లో ఉండే బీమ్‌కి ఆ ఇనుము పైన ఉండాలి.

స్వామికి ఫోన్ కలిపాడు.

"పోర్టికో... జాకీలు?"

"పొద్దుగాల్నే తీపిచ్చిన సార్."

క్రిస్టీనా ఫోన్ ఎత్తడం లేదు. ఆమె డ్యూటీ దిగే వేళ. బస్సు ఆగేచోట నీడంటే అదొక్కటే.

"ప్రభువా, నా తప్పుకి దాన్ని తీసుకోకు" అని కారు నడుపుతూ పైకే ఏడ్చాడు.

అతను చేరేసరికి పోర్టికో నేలమీద ఉంది. దుమ్ము ఇంకా అణగలేదు.

"క్రిస్టీనా!"

అవతల ఎండలో నర్సుల గుంపు. మధ్యలో ఆమె. పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"కింద ఎవరూ లేరండీ. ముసలాయన లేడుగా, నీడలోకి వెళ్దామనుకున్నాం. రోజూ తిట్లు తిని తిని కాళ్లు అటు పోలేదు."

యిర్మీయా పక్కనే ఉన్న ఫోర్‌మన్ వైపు తిరిగాడు.

"స్వామీ, ఆయనెక్కడ? కాళ్లు పట్టుకోవాలి నేను."

"రాత్రి బస్సుకే రియాద్ పంపిన సార్, సులైల మన కంపెనీ క్యాంపుకు. పోనంటే పోనన్నడు. మీరు చెప్పిన్రని బలవంతంగ ఎక్కిచ్చిన."

"అసలెవరాయన?"

శిథిలాల కింద నలిగిన ప్లాస్టిక్ కుర్చీ వంక చూస్తూ చెప్పాడు స్వామి.

"అబ్దుల్ ఘనీ సాబ్. ఏడ కొత్త బీమ్ లేస్తే ఆడ గిట్లనే కూసుంటుండె. ఆఫీసుల మీ కుర్చీల మీకన్న ముందున్న ఇంజనీర్ సార్ ఆయన. వీసా తీసి తెచ్చుకున్న సొంత తమ్ముడు, ఆయన లెక్కేసిన బీమ్ కిందనే పోయిండు."